టీవీ స్టాండ్ ఊగుతోందా? ముందు ఏ ముక్క కదులుతోందో చూడండి

బెంగళూరులో అద్దె ఇంట్లో ఉంటే గోడకు డ్రిల్లింగ్ చేయాలంటే భయమే. ఓనర్ ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారు. అందుకే 55, 65 అంగుళాల టీవీలకు మనవాళ్లు ప్లైవుడ్‌తోనో స్క్వేర్ పైపుతోనో సొంతంగా స్టాండ్ చేయించుకుంటారు. అలాంటివి చాలా చేశాను, అంతకంటే ఎక్కువే బాగుచేశాను. ఊగుతోందని నన్ను పిలిచేసరికి చాలామంది అప్పటికే అదనంగా పైపులు వెల్డింగ్ చేయించి ఉంటారు. ఎక్కడ కదులుతోందో మాత్రం చూసి ఉండరు.

ముందు ఇది చేయండి. ఒకరు టీవీ పై అంచు పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ కదపాలి. ఇంకొకరు కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకు మీద వేలు ఆనించాలి. నేలా కాలూ, కాలూ నిలువు పైపూ, పైపూ టీవీని బిగించే వెనక పలకా, చివరికి పలకా టీవీ. రెండు ముక్కల మధ్య కదలిక వేలికి ఎక్కడ తెలిస్తే తప్పు అక్కడే ఉంది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి వేల రూపాయలు ఖర్చుపెట్టినవాళ్లను చూసి బాధేస్తుంది.

ఒక మూల నొక్కితే టకటకమంటుంది

స్టాండును హాల్లో ఇంకోచోటికి జరపండి. ఆగిపోతే తప్పు నేలది. బాల్కనీ తలుపు దగ్గర చాలా ఫ్లాట్లలో నేల వాలుగా ఉంటుంది, టైల్స్ అంచులు కూడా ఎత్తుపల్లాలుగా ఉంటాయి. ఎక్కడికి జరిపినా టకటకమంటే ఒక కాలు పొట్టిగా ఉందన్నమాట. రెండింటికీ మందు ఒకటే, తిప్పితే ఎత్తు సరిపోయే స్క్రూ కాళ్లు. అట్టముక్క మడిచి పెడితే కొన్నాళ్లకు అణిగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది.

పక్కలకు ఊగుతుంది

నిలువు, అడ్డం ముక్కలే ఉండి ఏటవాలు ముక్క లేకపోతే చట్రం ఒక పక్కకు ఒరుగుతుంది. 18 మి.మీ. ప్లై తీసేసి 25 మి.మీ. వేసినా ఫలితం ఉండదు. వెనకవైపు 6 మి.మీ. ప్లై షీటు పరిచి, చుట్టూ 15 సెం.మీ.కి ఒక స్క్రూ బిగించండి. ఇనుప స్టాండయితే మూల నుంచి మూలకు ఒక పట్టీ వేయించండి. పార్టికల్ బోర్డు అంచులో దింపిన స్క్రూ పట్టు నిలబడదు. అక్కడ ఎల్ క్లాంపు తప్పదు.

ముందుకు వాలుతుంది

టీవీ, స్టాండూ కలిపి 40 కిలోలు అనుకుందాం. ఆ బరువు కేంద్రం ముందు కాళ్ల కొస నుంచి 25 సెం.మీ. వెనక ఉంటే, 150 సెం.మీ. ఎత్తున ఏడు కిలోలకు దగ్గరగా లాగితే చాలు, పడిపోతుంది. 15 సెం.మీ.లే ఉంటే 4 కిలోలు చాలు. రెండేళ్ల పిల్లాడు వేలాడితే అంతకంటే ఎక్కువే. కాళ్లను ముందుకు పొడిగించండి. కింది అరలో, ముందు కొస నుంచి 40 సెం.మీ. వెనక్కి, 20 కిలోల ఇసుక మూట పెడితే ఆ ఏడు కాస్తా 12 అవుతుంది. తిరిగే చక్రాలు పెట్టినవాళ్లు ఒకటి గమనించాలి. చక్రం లోపలికి తిరిగితే నేల మీద ఆనే చోటు కూడా లోపలికి వస్తుంది. కొలత ఆ స్థితిలోనే తీసుకోండి. పిల్లలున్న ఇల్లయితే ఓనర్‌ను బతిమాలైనా సరే రెండు రంధ్రాలు వేయించి, టీవీని పట్టీతో గోడకు కట్టండి.

స్టాండ్ గట్టిగానే ఉంది, టీవీ ఒక్కటే తల ఊపుతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. కేఆర్ పురంలో మా పెద్దమ్మ కొడుక్కి 65 అంగుళాల టీవీకి స్టాండ్ చేసిచ్చాను. వారానికే ఫోన్. "అన్నా, రోడ్డు మీద లారీ పోతే టీవీ వణుకుతోంది." వెళ్లి ఏటవాలు పట్టీ వేశాను. మళ్లీ ఫోన్. ఈసారి వెనక ప్లై వేశాను, తగ్గలేదు. మూడోసారి విసుగొచ్చి టీవీకీ పలకకూ మధ్య చిన్నకార్డు దూర్చి చూశాను. సులువుగా దూరిపోయింది. నాలుగు బోల్టులూ మాత్రం స్పానరుకు బిర్రుగా ఉన్నాయి.

జరిగింది ఇదీ. ఆ టీవీ వెనక ఉన్నవి ఎం8 రంధ్రాలు, అంటే 8 మి.మీ. లావు బోల్టు పట్టేవి, లోతు 18 మి.మీ. నా పలక 18 మి.మీ. ప్లై, వాషరు 2 మి.మీ. ఎస్‌జేపీ రోడ్డులో కొన్న బోల్టుల పొడవు 40. పలకా వాషరూ పోను 20 మి.మీ. లోపలికి వెళ్లాలి, ఉన్నది 18. బోల్టు కొస రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోయింది. చేతికి బిగుసుకున్నట్టే తెలిసింది కానీ, పలకకూ టీవీకీ మధ్య 2 మి.మీ. సందు మిగిలిపోయింది. టీవీ వెనక చీకట్లో ఆ సందు కనబడదు. ఇంకాస్త బలంగా తిప్పి ఉంటే లోపలి మర ఊడి వచ్చేది, లేదా ప్యానెల్ పగిలేది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

కాబట్టి బోల్టు కొనకముందే రంధ్రంలోకి అగరుబత్తి పుల్ల దించి, గోటితో గుర్తుపెట్టి, స్కేలుతో కొలవండి. పలక మందం, వాషరు, పలకకూ టీవీకీ మధ్యలో బుష్ (బోల్టుకు తొడిగే చిన్న గొట్టం) ఉంటే దాని పొడవు, వీటికి రంధ్రం లోతు కలిపి 2, 3 మి.మీ. తగ్గించండి. అదే గరిష్ఠ పొడవు. లోపల పట్టే మర ఎం8కి 12 మి.మీ.కి, ఎం6కి 9 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి. నేను 35 మి.మీ. బోల్టులు వేశాను, 15 మి.మీ. లోపలికి పట్టింది. ఆ రోజుకు వేరే బోల్టులు దొరక్కపోతే తల కింద ఇంకో రెండు వాషర్లు వేసినా సందు పోతుంది. వీపు ఉబ్బెత్తుగా ఉన్న టీవీలకు నాలుగు రంధ్రాల దగ్గరా ఒకే పొడవు బుష్ సరిపోకపోవచ్చు, విడివిడిగా కొలవండి. బిగించాక కాగితం దూరుతుందేమో నాలుగు చోట్లా చూడండి.

వెల్డింగు చీలడం, ప్లై వంగడం, చెదలు పట్టడం లాంటివి నాకు చాలా అరుదుగా తగిలాయి. వీటి జోలికి చివర్లో వెళ్లండి, అదీ కార్డు దూర్చి చూశాకే.