రిటైరయ్యాక గడ్డం: రోజు విడిచి రోజు చాలు
ఆఫీసు లేదు కదా అని వారం వదిలేస్తే పొడుగు వెంట్రుకలు బ్లేడులో ఇరుక్కుని లాగుతాయి. అప్పుడు ముందు ట్రిమ్మర్‌తో కురచ చేయాలి.

స్నానం అయ్యాకే గీసుకోండి. బిరుసు వెంట్రుక నీళ్లు పీల్చి మెత్తబడుతుంది. లేదంటే వేడినీళ్ల తువ్వాలు 2 నిమిషాలు అద్దినా సరే. వయసుతో చర్మం వదులవుతుంది కాబట్టి తెగేది ఎక్కువగా దవడ కింద, మెడ మడతల్లోనే. రెండో చేత్తో చర్మాన్ని చెవివైపు లాగిపట్టి, వెంట్రుక వాలిన దిశలోనే, నొక్కకుండా, చిన్న చిన్నగా గీయండి. నున్నగా రావాలని ఎదురు గీయొద్దు, ఎవరికి చూపించాలి గనక! 5, 6 సార్లకు బ్లేడు మార్చండి. మొద్దు బ్లేడుతోనే గాట్లు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఎలక్ట్రిక్ షేవరే క్షేమం. తెగితే శుభ్రమైన గుడ్డతో 5 నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. చివర్లో మండే లోషన్ బదులు వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి.