తోలు అమ్ములపొది ఎలా చేయాలి? అడుగు ఊడని పద్ధతి

ఇంట్లో కుట్టుకున్న అమ్ములపొదిలో ముందుగా పోయేది అడుగే. పైన చెక్కుళ్లు, ఇత్తడి గుబ్బలు, రంగులు అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు నెలలకే బాణం మొన కింద నుంచి తొంగిచూస్తుంది, లేదా అడుగు మొత్తంగా ఊడి బాణాలు కాళ్ల మీద పడతాయి. అందుకే ఇక్కడ మిగతా పనులు గబగబా చెప్పేసి, అడుగు దగ్గర మాత్రం తీరిగ్గా ఆగుతాను.

ముందు ఒక మాట. నడుముకు కట్టే పొదే చేయండి. రాముడి పటాల్లో అమ్ములపొది వీపున ఉంటుంది కాబట్టి చాలామంది అదే కావాలంటారు. చూపుకి అందమే. కానీ వీపు మీది పొదిలోంచి బాణం తీయాలంటే చెయ్యి భుజం దాటి పైకి సాగాలి, పడ్డ బాణం ఏరుకోవడానికి వంగితే మిగతావి జారిపోతాయి. గుర్రాల మీద నుంచి బాణాలు వేసిన మొఘల్ సైనికులు నడుముకే కట్టుకున్నారు. ఇప్పుడు పోటీల్లో గురి చూసి కొట్టేవాళ్లదీ అదే పద్ధతి.

తోలు, సామాన్లు

చెప్పుల సామాన్ల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది. అది మెత్తగా ఉంటుంది, తడిపి అచ్చులో పెట్టినా ఆరాక మళ్లీ వదులైపోతుంది. పొదికి పనికిరాదు. మనకు కావలసింది చెట్టు బెరడుతో ఊనిన, అంటే పదును చేసిన తోలు, దుకాణంలో వెజ్ టాన్ అని అడగాలి. బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది చూశారా, దాని బెరడుతోనే దక్షిణాదిలో తరతరాలుగా తోళ్లు ఊనారు. కోసిన అంచు చూస్తే తేడా తెలుస్తుంది. క్రోమ్ తోలు నడిమధ్యలో తరచుగా నీలం, బూడిద రంగు గీత కనిపిస్తుంది. వెజ్ టాన్ అంచు గోధుమ రంగే. నీటిచుక్క వేస్తే వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది.

మందం 3 మిల్లీమీటర్లు. పొదికి, పట్టీలకు కలిపి 3 చదరపు అడుగులు చాలు. ఆరె (తోలుకు రంధ్రాలు గుచ్చే పనిముట్టు), మొద్దు సూదులు రెండు, 1 మిల్లీమీటరు మైనపు పాలిస్టర్ దారం, 3 మిల్లీమీటర్ల రంధ్రాల పంచ్, కొయ్య సుత్తి, వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే పనిముట్టు), రెండు సి-క్లాంపులు (మరతో బిగించే పట్టులు), 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఒకటి. తోలు తప్ప మిగతావి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక పూటలో కొనేయొచ్చు.

గొట్టం

28 అంగుళాల బాణానికి 19 అంగుళాల లోతు. ఈకలు పొది మూతికి తగలకూడదు, తగిలితే నలిగి బాణం దారి తప్పుతుంది. తోలును 50 సెంటీమీటర్ల పొడవున, అడుగు వైపు 245 మిల్లీమీటర్లు, మూతి వైపు 292 మిల్లీమీటర్లు వెడల్పుతో కోయండి. రెండు నిలువు అంచులకూ 8 మిల్లీమీటర్లు లోపలగా, 12 మిల్లీమీటర్లకొకటి చొప్పున రంధ్రాలు కొట్టండి. రెండు వైపులా లెక్క సరిపోవాలి. అడుగు నుంచి మొదటి 25 మిల్లీమీటర్లు మాత్రం ఖాళీగా వదిలేయాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

తోలును కొద్దిగా తడిపి, నునుపు వైపు బయటికి ఉండేలా పీవీసీ పైపుకు చుట్టి, నూలు తాడుతో బిగించి ఆరనివ్వండి. ఆరాక అంచులు ఎదురెదురుగా పెట్టి, 4 మిల్లీమీటర్ల తోలు వారుతో బూటు లేసులాగా అడుగు నుంచి పైకి అల్లండి. మొదట వదులుగా అల్లి, చివర్లో ఒక్కసారిగా బిగించాలి.

అడుగు: ఇక్కడ తొందర వద్దు

కొందరు గుండ్రటి చెక్కముక్క దూర్చి చుట్టూ ఇనుప మేకులు కొడతారు. వెజ్ టాన్‌లోని టానిన్ (బెరడు నుంచి తోలులోకి దిగిన పదార్థం), ఇనుము తడి తగిలితే కలిసి నల్లటి మరకలవుతాయి, మేకు చుట్టూ తోలు కుళ్లినట్టు కనిపిస్తుంది. చెక్క ఎండకు కుంచించుకుని వదులవుతుంది, మొనలు దాన్లో గుచ్చుకుంటాయి. ఇంకొందరు గుండ్రటి తోలు బిళ్లను చెప్పుల సొల్యూషన్‌తో అంటించి ఊరుకుంటారు. మే నెల ఎండలో కారులో వదిలేసిన రోజునే అది ఊడుతుంది.

సరైన అడుగు అంటే తోలుతో చేసిన చిన్న గిన్నె. దాన్ని గొట్టంలో బోర్లించి కుట్టాలి.

గిన్నెకు అచ్చు కావాలి. అందరూ తప్పేది ఈ కొలత దగ్గరే. గొట్టం లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు కదా అని అచ్చు కూడా 75కే చేస్తారు. తోలు మందం రెండు వైపులా కలిసి గిన్నె 81 అవుతుంది. బలవంతంగా తోస్తే గొట్టం అల్లిక విచ్చుకుంటుంది. అచ్చు వ్యాసం 75లోంచి తోలు మందానికి రెండింతలు తీసేయగా మిగిలినది. 3 మిల్లీమీటర్ల తోలుకు 69. 3 మిల్లీమీటర్లని చెప్పి అమ్మిన తోలు 2.6 ఉండొచ్చు, అప్పుడు అచ్చు 69.8 కావాలి. అందుకే వెర్నియర్ పెట్టి చూసుకోండి, దుకాణదారు మాట మీద కొలత తీయకండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు ముక్కలు అంటించి అచ్చు తీస్తే చాలు. కింది అంచును 3 మిల్లీమీటర్లు గుండ్రంగా అరగదీయండి, లేకపోతే మూల దగ్గర తోలు చిట్లుతుంది. ఇంకో ప్లైవుడ్ ముక్కలో 76 మిల్లీమీటర్ల రంధ్రం కోయండి. ఆ కొలత హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) బజార్లో దొరుకుతుంది.

తోలును 120 మిల్లీమీటర్ల వ్యాసంతో బిళ్లగా కోసి, మామూలు నీళ్లలో బుడగలు ఆగేదాకా ఉంచండి. తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి గంటసేపు పెడితే తడి లోపలిదాకా సమంగా దిగుతుంది. నునుపు వైపు కిందికి పెట్టి రంధ్రం మీద పరవండి. పైనుంచి అచ్చును రెండు క్లాంపులతో కొంచెం కొంచెంగా, చెరొక పావు తిప్పు చొప్పున దించండి. ఒకవైపే బిగిస్తే గిన్నె వాలిపోతుంది. పక్కన ముడత లేస్తే అచ్చు పైకి తీసి, చెంచా వెనకవైపుతో రుద్ది మళ్లీ దించండి. ఆరాక ఆ ముడత పోదు. లోతు 20 మిల్లీమీటర్లు చేరితే ఆపండి. తడితోలుకు ఇనుప పనిముట్టు తగలనివ్వకండి. మరక పడితే నిమ్మరసంతో రుద్దండి, లేతది పోతుంది.

అచ్చుతోనే ఆరనివ్వాలి. హైదరాబాద్ వేసవిలో నీడలో, ఫ్యాను గాలికి ఒక రోజు. వానాకాలంలో రెండు మూడు రోజులు. డాబా మీద ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి. తడితోలు వేడికి కుంచించుకుని, అప్పడంలా పెళుసుబారుతుంది. అలా అయినదాన్ని నూనె కూడా బాగుచేయలేదు.

ఆరాక బయటి అంచు కోసేసి గోడ 15 మిల్లీమీటర్లు ఉంచండి. గొట్టంలో కింది నుంచి బోర్లించి తోయండి: గిన్నె అడుగు పైకి, తెరిచిన నోరు కిందికి. నోరు పైకి పెడితే కుట్టు వేయడానికి సూదిని 50 సెంటీమీటర్ల గొట్టం లోపలికి పంపాలి, అది ఎవరి వల్లా కాదు. బోర్లిస్తే లోపలి గోడ మీ వేళ్లకు అందుతుంది. పైగా నునుపు వైపు మొనలకు ఎదురుగా ఉంటుంది, గరుకు వైపు కన్నా ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే దిగాలి. తనంతట తానే జారితే గోడ చుట్టూ పలచటి తోలు పట్టీ అంటించండి. అల్లిక విచ్చుకుంటే గిన్నెను మళ్లీ తడిపి చిన్న అచ్చుతో ఒత్తండి.

కింది అంచు నుంచి 7 మిల్లీమీటర్ల మీద గీత గీసి, 5 మిల్లీమీటర్లకొక చుక్క పెట్టండి. సుమారు 50 చుక్కలవుతాయి. గిన్నె లోపల పాత హవాయి చెప్పు ముక్క అదిమిపట్టి, ఆరెను నిట్టనిలువుగా గుచ్చండి. వాలితే లోపలి కుట్టు గోడ అంచుకు వెళ్లి తెగుతుంది. ముందు నాలుగు దిక్కులా నాలుగు చోట్ల దారంతో తాత్కాలికంగా కట్టండి, కుట్టేటప్పుడు గిన్నె తిరగదు. కుట్టు పొడవుకు నాలుగింతలు, పైన 30 సెంటీమీటర్లు కలిపి 1.3 మీటర్ల దారం తీసుకోండి. రెండు సూదులతో, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా పోయే కుట్టు వేయండి. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరసగా వీడిపోతుంది, ఇది అలా వీడదు. గొట్టం అంచులు కలిసేచోట కుట్టు మొదలుపెట్టకండి. రంధ్రాలు లేకుండా వదిలిన ఆ 25 మిల్లీమీటర్లను పట్టి ఉంచేది ఈ కుట్టే. చివర మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి, దారం కొసను మంటకు కరిగించండి.

మిగతా పని

3.5 సెంటీమీటర్ల పట్టీలు రెండు, ఒకటి మూతికి 6 సెంటీమీటర్ల కింద, రెండోది దానికి 18 సెంటీమీటర్ల కింద, రాగి లేదా ఇత్తడి రివెట్లతో బిగించండి. రెండో పట్టీ పొడవుతో పొది వాలు సర్దుకోవచ్చు. రంగు వేయకండి. వెజ్ టాన్ చేతులు తగిలేకొద్దీ తనంతట తానే తేనె రంగుకు వస్తుంది.

కుట్టు అంతా అయ్యాకే నూనె. ముందే పట్టిస్తే తోలు నీళ్లు పీల్చదు, అచ్చు దిగదు. ఆముదం 3 పాళ్లు, తేనెమైనం 1 పాలు వేడినీళ్ల గిన్నెలో కరిగించి, గుడ్డతో పలచగా ఒక్కసారి రుద్దండి. వంట నూనెలు వద్దు, కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన వస్తుంది.

అడుగున గొంగడి ముక్కను 70 మిల్లీమీటర్ల బిళ్లగా కోసి వేయండి. మొనల చప్పుడు ఆగుతుంది, తోలు గుచ్చుకుపోదు. ఏడాదికోసారి ఆ ముక్క మార్చండి. వానాకాలంలో పొదిని ప్లాస్టిక్ కవర్లో దాచితే బూజు పడుతుంది. బట్టసంచిలో పెట్టి, గాలి తగిలేచోట మూతి కిందికి ఉండేలా వేలాడదీయండి.