పరాయి దేశంలో ఇండీ రాక్ కచేరీకి వెళ్లే ముందు

అమలాపురం, భీమవరం, తణుకు, కాకినాడల నుంచి పై చదువులకని లండన్, డబ్లిన్, మెల్‌బోర్న్ వంటి నగరాలకు వెళ్లిన పిల్లలూ, వారిని చూడడానికి వెళ్లిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అక్కడి ఇండీ రాక్ కచేరీలకు సరదాపడడం సహజం. పెద్ద సంగీత సంస్థల అండ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే ఈ బృందాలు ఎక్కువగా పాడేది స్టేడియాల్లో కాదు, కొన్ని వందల మంది పట్టే క్లబ్బుల్లోనూ చిన్న హాళ్లలోనూ. అక్కడ చాలాచోట్ల కుర్చీలు ఉండవు, పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, స్పీకర్లు మరీ దగ్గరగా ఉంటాయి. ముఖ్యమైన జాగ్రత్తలన్నీ ఈ మూడింటి వల్లే అవసరమవుతాయి.

టికెట్ సంగతి ముందే తేల్చుకోవాలి. మన బ్యాంకు కార్డులో విదేశీ చెల్లింపులు జరగాలంటే ఆ సదుపాయాన్ని మనమే తెరిపించుకోవాలి. ఓటీపీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది కనుక రోమింగ్ కూడా చూసుకోవాలి. కొన్ని యాప్‌లలో టికెట్ కోడ్ ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది కాబట్టి, ఎవరో అమ్మిన స్క్రీన్‌షాట్ పట్టుకుని వెళితే గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు. అమెరికాలో చాలా క్లబ్బులు 21 ఏళ్లు నిండినవారినే రానిస్తాయి. వయసు రుజువుగా ఆధార్ అక్కడ చెల్లదు, పాస్‌పోర్టు చూపాలి. దానిని లోపలి జేబులో పెట్టుకుని, నకలును బసలో ఉంచండి.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది జనం ఒత్తిడి గురించి. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర 20 మందికి పైగా భక్తులు ప్రాణాలు కోల్పోయిన సంగతి గోదావరి వాసులు మరిచిపోలేరు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీతోత్సవంలో 9 మంది, 2021లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక కచేరీలో 10 మంది ఇలాగే జనం మధ్య నలిగి చనిపోయారు. ఇటువంటి ఒత్తిడిలో చాలామంది కాళ్ల కింద పడకుండానే, నిలబడినచోటనే, ఛాతీ విచ్చుకునే చోటు లేక ఊపిరాడక చనిపోతారు. అందుకే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టడం ముఖ్యం. రెండు భుజాలకూ పక్కవారి భుజాలు ఒరుసుకుంటూ, మీరు కదలకపోయినా జనం మిమ్మల్ని అటూ ఇటూ కదుపుతున్నారంటే, పాట ఎంత బాగున్నా అంచుకు వచ్చేయండి. చెయ్యి ముఖం దాకా ఎత్తలేని స్థితి వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది. ఒకవేళ ఇరుక్కుంటే రెండు ముంజేతులనూ ఛాతీకి కాస్త ఎడంగా అడ్డుపెట్టి ఊపిరికి చోటు మిగుల్చుకోండి. తోపుడుకు ఎదురు నిలవకుండా, అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు రెండడుగులు వేయండి, మళ్లీ తోపుడు వస్తే ఆగండి. కిందపడిన ఫోన్ కోసం వంగవద్దు. పక్కన ఎవరైనా పడిపోతే మాత్రం వెంటనే లేపండి. రాక్ అభిమానులు కూడా ఈ మర్యాదను గట్టిగా పాటిస్తారు.

లోపలికి రాగానే, మీరు వచ్చిన తలుపు కాక మరో రెండు తలుపులు ఎక్కడున్నాయో చూసుకోండి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే క్లబ్బులో వేదిక మీది బాణసంచా నిప్పు గోడలకు అతికించిన ఫోమ్ పొరకు అంటుకుని 100 మంది మరణించారు. మిగతా దారులు ఉన్నా, ఎక్కువమంది తాము వచ్చిన ముఖద్వారం వైపే పరుగెత్తి అక్కడ ఇరుక్కుపోయారు.

చెవుల విషయంలో మనవాళ్లు చూపే నిర్లక్ష్యం బాధ కలిగిస్తుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది సుమారు 15 నిమిషాలే, కచేరీ మాత్రం రెండు గంటలు సాగుతుంది. దూది పెట్టుకుంటే సరిపోదు. మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. కచేరీ అయ్యాక చెవుల్లో హోరు ఒకటి రెండు రోజులకూ తగ్గకపోయినా, ఒక చెవి ఒక్కసారిగా వినిపించకపోయినా ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవండి.

చలికాలంలో బయట మంచు ఉన్నా లోపల విపరీతమైన ఉక్కపోత ఉంటుంది కాబట్టి, బరువైన కోటును సామాన్లు భద్రపరిచే గదిలో ఇచ్చేయండి, మంచినీళ్లు తాగుతూ ఉండండి. మీ గ్లాసును కనుచూపు దాటనివ్వవద్దు, అపరిచితులు ఇచ్చింది తాగవద్దు. మాదకద్రవ్యాల జోలికి పోతే సింగపూర్, దుబాయ్‌లలో శిక్షలు చాలా కఠినంగా ఉంటాయి.

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తప్పిపోయినా ఊరివారెవరో ఒకరు ఎదురై ఇంటికి చేరుస్తారు, పరాయి దేశంలో అలాంటి ఆసరా ఉండదు. జనం ఎక్కువైతే ఫోన్లు కలవకపోవచ్చు కూడా. కనుక హాలు బయట కలుసుకునే చోటును ముందే అనుకోండి, చివరి రైలు వేళ చూసుకోండి. లండన్‌లో రాత్రంతా మెట్రో నడిచేది శుక్ర, శనివారాల్లో, అదీ కొన్ని మార్గాల్లోనే. టోక్యోలో అర్ధరాత్రి ప్రాంతంలోనే రైళ్లు ఆగిపోతాయి. ఆపదలో పిలవడానికి ఐరోపాలో 112, బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000 నంబర్లు గుర్తుంచుకోండి. వేసవిలో లండన్ రాత్రి 11 గంటలంటే మన దగ్గర తెల్లవారుజామున మూడున్నర. అమ్మానాన్నలు మేలుకునే ఉంటారు, కాబట్టి హాలు పేరూ తోడువారి నంబరూ ముందే పంపి, బసకు చేరగానే కబురు చేయండి. ప్రయాణ బీమా పత్రాన్ని కూడా బయలుదేరే ముందు చదవండి, మద్యం మత్తులో తగిలిన గాయాలకు చాలా పాలసీలు డబ్బు చెల్లించవు.