వర్గీకరణ మార్కులు చూసి ఖైదీలను బ్లాకులు మార్చేముందు

ఖైదీల వివరాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా, వాటిని బట్టి బ్లాకులు సర్దేస్తే గొడవలు వాటంతటవే తగ్గుతాయని చాలామంది జైలు అధికారులు నమ్ముతారు. తగ్గే మాట నిజమే. కానీ సర్దే ఆ కొద్ది రోజులే జైల్లో టెన్షన్ ఎక్కువ. పాత అప్పులు, పెత్తనాలు, స్నేహాలు అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. కాబట్టి మనుషులను కదిపేముందు ఫైళ్లు కదపండి.

ఖైదీని ఏ స్థాయి భద్రతలో ఉంచాలో తేల్చడానికి ఫారం మీద వేసేదే వర్గీకరణ మార్కు. మొట్టమొదట చూడాల్సింది ఆ మార్కు ఏ రోజు వేసిందో. అమెరికా కౌంటీ జైళ్లలో వాడే ఫారాల్లో మొదటి వర్గీకరణకు తీసుకునేవి ఇవి: ఇప్పటి కేసు తీవ్రత, పాత శిక్షలు, పారిపోయిన చరిత్ర, గతంలో జైల్లో తిన్న క్రమశిక్షణ కేసులు, వయసు, మత్తు అలవాటు. వీటిలో ఈసారి లోపలికి వచ్చాక మనిషి ఎలా ఉంటున్నాడన్నది ఒక్కటీ లేదు. పునర్వర్గీకరణ ఫారం ఉన్నది ఆ లోటు కోసమే. అందులో పాత కేసు కంటే లోపలి నడవడికకే ఎక్కువ బరువు ఇవ్వాలి. తాగిన మత్తులో అరుస్తూ వచ్చి పెద్ద మార్కు తెచ్చుకున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు రెండు నెలలకు బుద్ధిగా వంటగది తుడుస్తూ ఉండొచ్చు. చిన్న చీటింగ్ కేసులో తక్కువ మార్కుతో వచ్చిన పెద్దమనిషి ఈలోపు బ్లాకులో ఫోన్ దగ్గర ఎవరు ముందు మాట్లాడాలో తానే నిర్ణయిస్తూ ఉండొచ్చు. పాత మార్కు చూసి మారిస్తే కుర్రాడిని ముదుర్ల మధ్య పడేస్తారు, పెద్దమనిషికి కొత్త బ్లాకు అప్పగిస్తారు. రెండు నెలలు దాటిన మార్కు ఉన్న ప్రతి ఫైలునూ పక్కన పెట్టి, మళ్లీ మార్కులు వేశాకే జాబితాలోకి తీసుకోండి.

మార్కు ఒకటి చెబితే అధికారి కాదని వేరే స్థాయిలో పెట్టిన కేసులనూ లెక్కపెట్టండి. ఇవి మొత్తంలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆరోగ్యకరమని ఈ రంగంలో వాళ్లు అంటారు. అంతకు బాగా మించితే ఫారాన్ని సిబ్బంది నమ్మడం లేదని అర్థం. అలాంటి ఫారం మీద ఆధారపడి వందలమందిని మార్చడం అనవసర సాహసం. మరీ తక్కువైతే ఎవరూ బుర్ర పెట్టడం లేదేమో చూసుకోండి.

ఇక రాతలు. ఏ జైలుకు వెళ్లినా డ్యూటీ పుస్తకంలో కనిపించేది ‘ప్రవర్తన బాగాలేదు’ అన్న మాటే. దాన్ని ఏ కంప్యూటర్లోకి ఎక్కించినా పనికిరాదు. ‘రాత్రి భోజనం లైన్లో పక్కవాడి ట్రే లాక్కున్నాడు, ఒకసారి చెప్పగానే తిరిగి ఇచ్చాడు’ అని రాస్తే అది సమాచారం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో, చెబితే విన్నాడా లేదా అన్న నాలుగూ రాయమని బ్లాకులు మార్చడానికి కొన్ని వారాల ముందే సిబ్బందికి చెప్పాలి. మంచి నడవడికా రాయించండి, లేకపోతే ఫైల్లో తప్పులే మిగులుతాయి.

కొన్ని వివరాలు అందరి కళ్లా పడకూడదు. లైంగిక దాడి ప్రమాదం ఎవరికి ఉందో తెలుసుకునే ప్రశ్నలు అమెరికాలో ప్రిజన్ రేప్ ఎలిమినేషన్ చట్టం కింద తెచ్చిన నిబంధనల ప్రకారం మామూలుగా 72 గంటల్లోపే అడగాలి, 30 రోజుల్లోపు మళ్లీ చూడాలి. వాటిలో కొన్నిటికి జవాబు చెప్పనన్నందుకు శిక్షించకూడదు, వచ్చిన జవాబులు అవసరం లేని సిబ్బందికి చేరకూడదు. బ్లాకు జాబితా ప్రింటు తీసి టేబుల్ మీద వదిలేస్తే సాయంత్రానికి అది ఖైదీల నోట్లో ఉంటుంది. జాబితా మీద పేరు, కొత్త గది తప్ప ఇంకేమీ ఉండనివ్వకండి.

జాతిని బట్టి విడదీస్తే ప్రశాంతంగా ఉంటుందన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు, అది కూడా మంచి మనసుతోనే. కాలిఫోర్నియా జైళ్లు కొత్తగా వచ్చినవాళ్లను అలా విడదీస్తే, 2005లో జాన్సన్ అనే ఖైదీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని అత్యంత కఠినమైన పరీక్షకు పెట్టాల్సిందేనని, అంటే అలా విడదీయడానికి బలమైన అవసరం ఉందని ప్రభుత్వమే రుజువు చేసుకోవాలని చెప్పింది. చూడాల్సింది నడవడికే.

మార్చే రోజు కొద్దికొద్దిమందినే కదపండి, డ్యూటీ మారే వేళ అసలు వద్దు. ఒకరికొకరు పడనివాళ్ల జాబితాను అదే పొద్దున మళ్లీ చూడండి, రాత్రికి రాత్రి కొత్త పేర్లు చేరతాయి. మందులు, డాక్టరు సూచనలు మనిషితోపాటే వెళ్లాలి. ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండేది జైలుకొచ్చిన తొలి గంటల్లో, తొలి రోజుల్లో. అందుకని కొత్తవాళ్లను ఈ సర్దుబాట్లలో కలపకండి. కొత్త బ్లాకులో అడుగుపెట్టగానే అక్కడి నియమాలేమిటో, బాగా ఉంటే ఏం దక్కుతుందో అధికారే నోటితో చెప్పాలి. గోడ మీద కాగితం అంటించి ఊరుకుంటే, ఆ నియమాలు పాత ఖైదీలు చెబుతారు.

తర్వాత వారం వారం బ్లాకుల వారీగా గొడవలు లెక్కపెట్టండి. ఆ అంకెల పక్కనే జైలు ఆస్పత్రి రిజిస్టర్లో దెబ్బలకు కట్టు కట్టించుకున్నవాళ్ల సంఖ్య కూడా పెట్టండి. రిపోర్టులు తగ్గి కట్లు తగ్గకపోతే, తగ్గింది సిబ్బంది రాతలేనని అనుమానించాలి.