ఒకే ‘జిజెల్’, రెండు తారాగణాలు: పోల్చి చూడటం, చూసింది రాయడం ఎలా

పద్యనాటకాలు చూస్తూ పెరిగినవారికి ఒక అలవాటు ఉంటుంది. రాయబారం సీనులో కృష్ణుడు ఏ పద్యం ఎత్తుకుంటాడో వారికి ముందే తెలుసు. అయినా ఈ రోజు వేషం కట్టిన కృష్ణుడు ఎక్కడ రాగం తీస్తాడో, ఎక్కడ మాటను విరిచి చెబుతాడో అని చెవులు రిక్కించి వింటారు. ఒకే బాలేను, అంటే మాటలు లేకుండా నృత్యంతోనే కథ చెప్పే పాశ్చాత్య నృత్యనాటకాన్ని, వేర్వేరు తారాగణాలతో రెండుసార్లు చూసే ప్రేక్షకుడు చేసే పని కూడా ఇదే. అడుగులు ముందే నిర్ణయమై ఉంటాయి, సంగీతం మారదు, కథ అందరికీ తెలిసిందే. మారేది ఆడేవారు మాత్రమే. ఆ మార్పును పట్టుకోవడానికి, పట్టుకున్నదాన్ని మరొకరికి పనికివచ్చేలా రాయడానికి కొంత పద్ధతి కావాలి. ఆ పద్ధతిని ‘జిజెల్’ అనే బాలే ఆధారంగా వివరిస్తాను.

ఈ బాలేనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1841 జూన్ 28న పారిస్ ఆపెరాలో కార్లోటా గ్రీసి ప్రధాన పాత్రధారిణిగా ఇది మొదటిసారి ప్రదర్శితమైంది. అడోల్ఫ్ ఆదాం సంగీతం కూర్చగా, ఝాన్ కొరల్లీ, ఝూల్ పెరో నృత్యాలు రచించారు. తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మారియస్ పెటిపా దిద్దిన రూపమే ఈనాటి ప్రదర్శనల్లో చాలావాటికి మూలం. మొదటి అంకంలో జిజెల్ నాట్యమంటే ప్రాణమిచ్చే పల్లెటూరి పిల్ల. ఆమె ప్రేమించిన ఆల్‌బ్రెక్ట్ రైతు వేషంలో తిరుగుతున్న ప్రభువు, అప్పటికే బాతిల్డ్ అనే మరొక అమ్మాయితో పెళ్లి కుదిరినవాడు. ఆ మోసం బయటపడగానే ఆమె మతి చలించి ప్రాణాలు విడుస్తుంది. రెండో అంకంలో, పెళ్లికి ముందే మోసపోయి మరణించిన కన్యల ఆత్మలైన విలీలు రాత్రివేళ అడవికి వచ్చిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తుంటే, వారిలో ఒకరైన జిజెల్ తన సమాధి దగ్గరకు వచ్చిన ఆల్‌బ్రెక్ట్‌ను తెల్లవారేవరకు కాపాడుతుంది. అంటే ఒకే నర్తకి మొదట రక్తమాంసాలున్న పిల్లగా, గంట తిరగకముందే బరువులేని నీడగా కనిపించాలి. రెండింటిలోనూ సమానంగా రాణించేవారు అరుదు కాబట్టి, తారాగణాల మధ్య తేడా ఈ బాలేలో తేటగా తెలుస్తుంది.

లండన్‌లోని రాయల్ బాలే వంటి పెద్ద సంస్థ ఒక బాలేను వారాల తరబడి ఆడేటప్పుడు ప్రధాన పాత్రలను కొన్ని జంటలకు పంచుతుంది. ఇంత శ్రమతో కూడిన పాత్రను ఒకే మనిషి రోజూ ఆడటం శరీరానికి సాధ్యం కాదు. పైగా కొత్తవారికి పాత్ర అందేదీ ఇలాగే. అందువల్ల ‘రెండో తారాగణం’ అనే మాటను ‘తక్కువ తారాగణం’ అన్న అర్థంలో మనసులో పెట్టుకుని వెళ్లకండి. ఎవరు ఏ రోజు ఆడతారో ముందే ప్రకటిస్తారు. అయితే గాయాల వల్ల చివరి గంటలో కూడా మార్పులు జరుగుతాయి కాబట్టి, ఆ పూట ఇచ్చే పాత్రధారుల జాబితాను థియేటర్లో తప్పకుండా సరిచూసుకోండి. చిన్న పాత్రల పేర్లు కూడా రాసుకోండి. ఆ పాత్రను ఎవరైనా మొదటిసారి ఆడుతున్నారని తెలిస్తే ఆ విషయం రాయడం న్యాయం, ఎందుకంటే పదోసారి ఆడేవారితో వారిని ఒకే తూకంలో తూచలేం.

వెళ్లే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటుంది: ఏది నిర్మాణానికి (అంటే ఒక సంస్థ ఆ బాలేను వేదిక మీదకు తెచ్చిన రూపానికి) చెందినది, ఏది నర్తకికి చెందినది? పీటర్ రైట్ 1985లో రాయల్ బాలే కోసం కూర్చిన నిర్మాణంలో జిజెల్ కత్తితో పొడుచుకుని చనిపోతుంది. మరికొన్ని నిర్మాణాల్లో ఆమె బలహీనమైన గుండె ఆగిపోతుంది. ఈ తేడా తెలియనివారు ఒక సంస్థ ప్రదర్శన చూసి మరొక సంస్థ ప్రదర్శనతో పోలిస్తే, దర్శకుడి నిర్ణయాన్ని నర్తకి నటనగా పొరబడతారు. పోలిక సరిగ్గా ఉండాలంటే ఒకే సంస్థ, ఒకే నిర్మాణం, వీలైతే ఒకే నెలలో జరిగే రెండు ప్రదర్శనలు చూడాలి. కూర్చునే చోటు కూడా రెండుసార్లూ దాదాపు ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉండాలి. రాయల్ బాలే ఆడే లండన్ థియేటర్ కోవెంట్ గార్డెన్‌లో పై అంతస్తు నుంచి చూస్తే విలీల వరుసలు ముగ్గులా స్పష్టంగా కనబడతాయి గాని ముఖాలు అందవు. కింది వరుసల్లో ముఖాలు అందుతాయి గాని వరుసల రూపం పోతుంది. ఒకరిని పైనుంచి, మరొకరిని దగ్గరనుంచి చూసి ‘ఈమె ముఖంలో భావం ఎక్కువ’ అని రాస్తే అది టికెట్టు తేడాయే అవుతుంది.

ఇక అసలు పని. బాలే మొత్తాన్ని ఒకే శ్రద్ధతో పోల్చబోతే చివరికి ఏదీ గుర్తుండదు. సంగీతంలో స్పష్టంగా గుర్తుపట్టగలిగే ఐదారు చోట్లను ముందే ఎంచుకుని, రెండు సాయంత్రాలూ ఆ చోట్ల కళ్లు తిప్పకుండా చూడండి. మిగతా సమయంలో మామూలు ప్రేక్షకుడిగా హాయిగా చూడండి.

మొదటి అంకంలో నేను ఎప్పుడూ వదలనిది బల్ల సన్నివేశం. జిజెల్ తన పావడాను బల్లంతా పరుచుకుని కూర్చుంటుంది, ఆల్‌బ్రెక్ట్‌కు చోటుండదు, అడిగాక సిగ్గుపడి పావడా దగ్గరకు లాక్కుంటుంది. ఆ తరువాత పూరేకులు తెంపే ఆట: ‘ప్రేమిస్తున్నాడు, ప్రేమించడం లేదు’ అని ఒక్కొక్క రేకూ తెంపుతూ, చివరకు ‘లేదు’ అనే వస్తుందని ముందుగానే పసిగట్టి ఆమె పువ్వును పారేస్తుంది. అతడు దాన్ని తీసుకుని, ఆమె చూడకుండా ఒక రేకును తుంచేసి, మళ్లీ లెక్కపెట్టి ‘అవును’ అనిపిస్తాడు. ఈ చిన్న మోసం కథంతటికీ బీజం. అతడు ఆ రేకును ఎలా తుంచాడో చూడండి: ఆటపట్టించే కుర్రాడిలా నవ్వుతూ తుంచాడా, ఆమె బాధ చూడలేక తుంచాడా, లేక అబద్ధాలు అలవాటైన మనిషిలా చేతిని మాత్రమే కదిపాడా? రెండు సెకన్ల పని అది. ఆ సాయంత్రం ఆల్‌బ్రెక్ట్ ఎలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది.

అదే పువ్వు పిచ్చి సన్నివేశంలో మళ్లీ వస్తుంది, ఈసారి చేతిలో లేకుండా. వాద్యబృందం ఆ పాత రాగాన్ని గుర్తుచేస్తుంటే, జుట్టు విరబోసుకున్న జిజెల్ లేని పువ్వుకు లేని రేకులు తెంపుతుంది. కొన్నేళ్ల క్రితం ఒకే వారంలో ఇద్దరు నర్తకులను ఈ చోట చూశాను. మొదటి సాయంత్రం ఆమె వేళ్లు గబగబా, పూర్వపు ఉత్సాహంతోనే, అదే నవ్వుతో రేకులు తెంపాయి. జరిగినదేదీ ఆమెకు గుర్తులేదని చూసేవారికి అర్థమై గుండె పిండినట్టయింది. రెండో ఆమె రెండు రేకులు తెంపి ఆగిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ గాలిలో అలాగే ఉండిపోయాయి, తల మాత్రం మెల్లగా ఆల్‌బ్రెక్ట్ వైపు తిరిగింది. అతడు తుంచిన రేకు సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసిందని నాకు అనిపించింది. ఇద్దరూ ఆడినవి అవే స్వరాలు, అవే లెక్కలు. ఎవరు గొప్ప అని అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పలేను, కాని ఇద్దరూ చెప్పిన కథలు వేరని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను. తారాగణాల పోలికలో చదివేవారికి అందవలసింది ఇదే.

మొదటి అంకంలోనే సాంకేతికంగా చూడదగిన చోటు జిజెల్ ఒంటరిగా చేసే నృత్యం. అందులో ఆమె ఒంటికాలి మునివేళ్ల కొసపై గెంతుతూ వేదికను ఐమూలగా దాటుతుంది. ప్రేక్షకులు కాలినే చూస్తారు. మీరు భుజాలనూ మెడనూ చూడండి. కాలు పడుతున్న కష్టం మెడలో కనబడకపోతే ఆ నర్తకి నిజంగా సమర్థురాలు; పైగా ఆ సమయంలో కళ్లతో తల్లినీ ప్రియుణ్ణీ పలకరిస్తోందంటే పాత్రను వదలలేదని అర్థం.

రెండో అంకంలో మొట్టమొదట చూడవలసింది జిజెల్‌ను కాదు, విలీల రాణి మిర్తాను. మునివేళ్ల మీద చిన్నచిన్న అడుగులతో ఆమె వేదిక దాటుతుంటే అడుగులు కనబడకూడదు, మంచు మీద జారినట్టుండాలి. మిర్తా చల్లగా, కఠినంగా లేకపోతే ఆల్‌బ్రెక్ట్‌కు ప్రాణాపాయం ఉందన్న నమ్మకం కలగదు, అప్పుడు జిజెల్ ఎంత బాగా ఆడినా అంకం చప్పబడుతుంది. కాబట్టి ‘ఆ రోజు రెండో అంకం తేలిపోయింది’ అనిపిస్తే నెపం కథానాయిక మీద వేసేముందు మిర్తాను గుర్తుచేసుకోండి. విలీల బృందం ఒంటికాలిపై గెంతుతూ ఎదురెదురుగా వచ్చి ఒక వరుసలోంచి మరొక వరుస దాటిపోయే చోట కళ్లతోపాటు చెవులూ వాడండి. అంతమంది గట్టి అట్టల చెప్పుల చప్పుడు వినబడితే ఆ ఆత్మలకు బరువు వచ్చేస్తుంది. బృందంలోనూ రోజురోజుకూ మనుషులు మారుతుంటారు గనుక ఇదీ తారాగణం సంగతే.

ఆల్‌బ్రెక్ట్ పొడవాటి పైవస్త్రం కప్పుకుని, లిల్లీ పూలు చేతపట్టి సమాధి దగ్గరకు వచ్చే నడకకు ఐదారు చోట్లలో ఒకటి కేటాయించండి. నృత్యం లేని చోటు కాబట్టి చాలామంది దీన్ని లెక్కచేయరు. పశ్చాత్తాపపడేవాడి నడక, శోకించేవాడి నడక ఒకటి కావు. మొదటి అంకంలో రేకు తుంచిన చేయి, ఇక్కడ పూలు పట్టిన చేయి ఒకే మనిషివి అనిపిస్తే ఆ నటుడు పాత్రను ఆసాంతం ఆలోచించుకున్నాడన్నమాట. చివరలో మిర్తా ఆజ్ఞకు లోబడి అతడు ఉన్నచోటే నిటారుగా ఎగురుతూ గాలిలో కాళ్లను కత్తెరలా మార్చే ఆంత్రషాలు కొన్ని నిర్మాణాల్లో ఉంటాయి. ప్రేక్షకులు వాటిని లెక్కపెడతారు, చప్పట్లు కొడతారు. లెక్కపెట్టడంలో తప్పులేదు, కాని ఆ గెంతులు అతడి ఇష్టంతో జరుగుతున్నట్టున్నాయా, ఎవరో పైకి లాగుతున్నట్టున్నాయా అన్నది అంకె కంటే ముఖ్యం.

వియోలా ఒంటరిగా పలికే యుగళ నృత్యంలో జిజెల్ ఒక కాలిని నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా పైకెత్తే క్షణం మరొక మంచి చోటు. ఒకరోజు ఇది మరీ నెమ్మదిగా సాగిందనిపిస్తే వాద్యబృందాన్ని తప్పుపట్టకండి. నర్తకికి అనువైన వేగాన్ని సంగీత సంచాలకుడు రిహార్సల్స్‌లోనే ఆమెతో కుదుర్చుకోవడం మామూలు, అంటే వేగం కూడా తారాగణంలో భాగమే. జంట మధ్య పొత్తు కుదిరిందా లేదా అన్నదీ ఇక్కడే తేలుతుంది. 1962 ఫిబ్రవరి 21న కోవెంట్ గార్డెన్‌లో 42 ఏళ్ల మార్గట్ ఫాంటేన్, 23 ఏళ్ల రుడాల్ఫ్ నురేయెవ్ మొదటిసారి జంటగా ఆడింది ఈ బాలేనే. వయసు, శిక్షణ, స్వభావం దేంట్లోనూ పోలిక లేని ఆ ఇద్దరి జంట ఆ తరువాత ఏళ్ల తరబడి నిలిచింది. విడివిడిగా ఎవరెంత అన్న లెక్క జంటకు వర్తించదు. ఇద్దరి మధ్య ఏం జరిగిందో రాయాలి.

రాసే విషయానికి వద్దాం. ప్రదర్శన జరుగుతుండగా ఫోను తీయకండి, వెలుతురు పక్కవారిని బాధిస్తుంది. విరామంలో మీరు ఎంచుకున్న చోట్లకు ఒక్కొక్కదానికి ఒక వాక్యం చొప్పున రాసుకోండి, ఇంటికి చేరేలోపు మిగతావి పూర్తిచేయండి. మొదటి తారాగణం గురించి పూర్తిగా రాసిపెట్టుకున్న తరువాతే రెండో తారాగణాన్ని చూడండి, ఈ క్రమం తప్పవద్దు. మొదట చూసినది మనసులో కొలబద్దగా నిలిచిపోతుంది, రెండోది దానికి ఎంత దూరంలో ఉందన్నట్టే కనబడుతుంది. కాగితం మీద ముందే ఉంటే ఆ పక్షపాతం కొంతైనా తగ్గుతుంది.

వాక్యం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చూడండి. ‘శనివారం జిజెల్ అద్భుతం, బుధవారం జిజెల్ సాంకేతికంగా బాగుంది గాని మనసుకు తాకలేదు’ అని రాస్తే చదివినవారికి ఏమీ తెలియదు. ‘బుధవారం జిజెల్ ఐమూల గెంతుల్లో ఎక్కడా తొణకలేదు, కాని బాతిల్డ్ పట్టు వస్త్రాన్ని తాకే చోట వేలు తగలగానే చేయి వెనక్కి తీసుకుంది, శనివారం జిజెల్ అదే గుడ్డను చెంపకు ఆనించుకోబోయి పట్టుబడింది’ అని రాస్తే, ఒకరు బిడియస్తురాలనీ మరొకరు ఆశపడే పిల్ల అనీ చదివేవారే గ్రహిస్తారు. ఏది నచ్చిందో ఆ తరువాత చెప్పండి, తప్పకుండా చెప్పండి. అభిప్రాయం దాచుకోవడం మర్యాద కాదు.

నర్తకుల ఒళ్లు, బరువు, రంగు గురించి రాయకండి. వయసును తీర్పుగా వాడకండి. 1956లో మాస్కోకు చెందిన బొల్షోయ్ బాలే బృందం మొదటిసారి లండన్ వచ్చినప్పుడు గలీనా ఉలానోవా 46 ఏళ్ల వయసులో జిజెల్‌గా నిలిచింది. ఎవరైనా తడబడితే ఏ చోట తడబడ్డారో ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగండి, దాని వెనుక గాయం ఉందేమోనని ఊహాగానాలు చేయకండి.

చివరి చోటుగా తెల్లవారుజాము గంట మోగిన తరువాతి నిమిషాన్ని ఎంచుకోండి. జిజెల్ సమాధిలోకి వెళ్లిపోతుంది, ఆల్‌బ్రెక్ట్ ఒంటరిగా మిగులుతాడు, అతడి చేతిలో చాలాసార్లు ఒక పువ్వు ఉంటుంది. చప్పట్లకు చేతులు ఎత్తకుండా, తెర పూర్తిగా దిగేదాకా అతడు ఆ పువ్వును ఏం చేశాడో చూడండి, రెండు రాత్రులూ చూడండి, అది రాయండి.