డాలస్ ప్రాంతంలో అరెస్టయితే: కౌంటీ జైలు బుకింగ్, అరెస్ట్ రికార్డులు వెతికే, తెప్పించుకునే విధానం

అమెరికాలో మనవాళ్లెవరైనా అరెస్టయ్యారని తెలియగానే చాలామంది ముందు ఆ పేరును గూగుల్‌లో కొడతారు. పైన కనిపించేవి చాలావరకు ప్రైవేటు సైట్లే. "రికార్డు దొరికింది, చూడాలంటే కార్డు నంబరు ఇవ్వండి" అంటాయి. వాటికి డబ్బు కట్టకండి. వాళ్లు అమ్మేది షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) ఆఫీసు తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టే సమాచారమే. కేసు కొట్టేసినా వాళ్ల దగ్గర పాత ఫొటో, పాత ఆరోపణే ఉండిపోతుంటాయి.

ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంటుంది కాబట్టి అమెరికా మొత్తానికీ కలిపి ఒకే విధానం చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ టెక్సస్‌ను, అందులోనూ మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ చుట్టుపక్కల ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. ఇంకో విషయం ముందే చెప్పాలి. మన దగ్గర ఎఫ్‌ఐఆర్ కాపీ ఒకటి చేతిలో ఉంటే కేసు మొత్తం అందులోంచే మొదలవుతుంది. అక్కడ అలాంటి ఒక్క కాగితం ఉండదు. అరెస్ట్ రిపోర్టు పోలీసుల దగ్గర, బుకింగ్ షీటు జైలు దగ్గర, కేసు ఫైలు కోర్టు క్లర్కు దగ్గర ఉంటాయి. ఈ మూడింటినీ ఒకే ఆఫీసులో అడగడం వల్లే చాలా దరఖాస్తులు తిరిగొస్తాయి.

ముందు కౌంటీ ఏదో తేల్చుకోండి

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, అంటే మన జిల్లాల్లాంటివి. ప్రతి కౌంటీ జైలుకీ వేర్వేరు జాబితా. మనిషి ఎక్కడ నివసిస్తున్నాడన్నది కాదు, ఘటన ఎక్కడ జరిగిందన్నదే చూడాలి. ఫ్రిస్కోలో ఉండే అబ్బాయి రాత్రి అర్వింగ్‌లో తాగి బండి నడుపుతూ దొరికితే వెతకాల్సింది డాలస్ కౌంటీలో. అదే ఫ్రిస్కోలో దొరికితే కాలిన్ కావచ్చు, డెంటన్ కావచ్చు, ఎందుకంటే ఆ ఊరు రెండు కౌంటీల్లో ఉంది. క్యారల్టన్‌దీ ఇలాంటి తలనొప్పే. రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్ క్యాంపస్ కూడా డాలస్, కాలిన్ కౌంటీల సరిహద్దు మీదే ఉంది. కాబట్టి క్యాంపస్ పోలీసులు పట్టుకున్నారంటే రెండు చోట్లా చూడాలి. వేరే కౌంటీలో పాత వారెంటు ఉండి పట్టుబడితే మాత్రం, పట్టుకున్న చోటు ఒకటి, చివరికి చేరే జైలు ఇంకొకటి కావచ్చు.

కౌంటీ సైట్‌లో పేరు కనిపించకపోతే వెంటనే కంగారు పడకండి. అర్వింగ్, ప్లేనో లాంటి ఊళ్లలో మొదట ఆ ఊరి పోలీసుల సొంత జైల్లోనే పెడతారు. అక్కడి నుంచే బాండ్ (బెయిల్ పూచీ డబ్బు) కట్టి బయటికొచ్చేసినవాళ్ల పేరు కౌంటీ జైలు జాబితాకు అసలు ఎక్కకపోవచ్చు. కౌంటీ జైలుకు తీసుకెళ్లినా వేలిముద్రలు, ఫొటో, ఆరోగ్య ప్రశ్నలు, వస్తువుల జాబితా అన్నీ అయ్యాకే పేరు కంప్యూటర్లోకి వస్తుంది. దీనికి గంటలు పడుతుంది, శుక్ర, శనివారాల రాత్రుల్లో ఇంకా ఎక్కువ. ఈలోగా ఆ ఊరి పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పి, మీ జైల్లో ఉన్నాడా, కౌంటీకి పంపేశారా అని అడగండి. 911కి మాత్రం దీనికోసం చేయకూడదు.

కౌంటీ జైళ్ల విషయానికొస్తే, డాలస్ కౌంటీది డౌన్‌టౌన్‌కి ఆనుకుని ఉన్న లూ స్టెరెట్ జస్టిస్ సెంటర్. కాలిన్ కౌంటీది మెకిన్నీలో, డెంటన్ కౌంటీది డెంటన్ పట్టణంలో ఉన్నాయి. మూడింటికీ షెరీఫే బాధ్యుడు. మూడు కౌంటీలకూ ఆన్‌లైన్‌లో ఉచిత వెతుకులాట ఉంది.

మన పేర్లతో వచ్చే చిక్కు

మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో వెంకట సత్య సాయి కిరణ్ అని నాలుగు ముక్కలు ఉన్నాయనుకోండి. స్నేహితులకు అతను కిరణ్. డ్రైవింగ్ లైసెన్సులో మొదటి పేరు వెంకట. పోలీసు టైపు చేసేది లైసెన్సు చూసి. కిరణ్ అని వెతికితే ఏమీ రాదు. కాబట్టి ఇంటిపేరు పూర్తిగా, మొదటి పేరుకు తొలి ఒకటి రెండు అక్షరాలు మాత్రమే కొట్టి చూడండి. చాలా కౌంటీల సైట్లు దీన్ని ఒప్పుకుంటాయి. రాకపోతే రెండు పేర్లనూ తిరగేసి, అంటే ఇంటిపేరు ఉండాల్సిన చోట సొంతపేరు పెట్టి వెతకండి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. వాళ్లను మొదటి పేరు గడిలో ఆ మూడు అక్షరాలే వేసి కూడా చూడాలి.

స్పెల్లింగు సంగతి సరేసరి. లక్ష్మిలో క్ష కోసం ఒకరు ఎక్స్ రాస్తారు, ఇంకొకరు కే, ఎస్, హెచ్ రాస్తారు. రెడ్డి, చౌదరి, గౌడ్ లాంటివి కొందరికి సర్‌నేమ్ గడిలో, కొందరికి సొంతపేరు చివర ఉంటాయి. అందుకే ఊహించి కొట్టడం కన్నా పాస్‌పోర్టు కాపీ గానీ ఐ-20 (విద్యార్థులకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) గానీ ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టడం మేలు. జాతి, లింగం కూడా ఎంచుకోమనే సైట్లు ఉన్నాయి. మనవాళ్లను ఒకచోట ఏషియన్ అని, ఇంకోచోట వైట్ అని, అదర్ అని రాస్తుంటారు. ఒకదానితో రాకపోతే ఇంకొకటి మార్చి చూడండి.

పేరు దొరికాక పుట్టిన తేదీతో సరిచూసుకోవడం మర్చిపోవద్దు. ఒకే పేరున్న ఇద్దరు తెలుగువాళ్లు ఒకే కౌంటీలో ఉండటం పెద్ద వింతేమీ కాదు. పొరపాటున వేరే వాళ్ల పేజీ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ నష్టం వెనక్కి తీసుకోలేరు. అసలు సరైన మనిషిదైనా ఎందుకు పెట్టాలి?

ఆ పేజీని ఎలా చదవాలి

బుక్ ఇన్ నంబరు, అరెస్టు చేసిన ఏజెన్సీ, ఆరోపణ, బాండ్ మొత్తం, ఇవి ముఖ్యం. ముందుగా నంబర్లన్నీ కాగితం మీద రాసుకోండి. చాలా కౌంటీల్లో మనిషి విడుదలవగానే ఆ పేజీ మాయమవుతుంది, తర్వాత దరఖాస్తులకు ఆ నంబర్లే పనికొస్తాయి.

ఆరోపణ పొట్టి రాతల్లో ఉంటుంది. దొంగతనం పక్కన 100, 750 అనే అంకెలుంటే సరుకు విలువ 100 డాలర్ల నుంచి 750 డాలర్ల లోపని అర్థం. అది క్లాస్ బీ నేరం (చిన్న నేరాలను తీవ్రత తగ్గేకొద్దీ ఏ, బీ, సీ అంటారు), 180 రోజుల వరకూ జైలు, 2,000 డాలర్ల వరకూ జరిమానా పడవచ్చు. 100 డాలర్ల లోపైతే క్లాస్ సీ, 500 డాలర్ల వరకూ జరిమానాతో పోతుంది. మొదటిసారి డీడబ్ల్యూఐ, అంటే తాగి బండి నడపడం కూడా మామూలుగా క్లాస్ బీనే. దాడి ఆరోపణ పక్కన ఫ్యామిలీ వయొలెన్స్ అన్న మాట ఉంటే అది ఇమిగ్రేషన్ పరంగా చాలా బరువైన మాట, లాయరుకు ఫోన్ చేయగానే ముందు చెప్పాల్సింది అదే.

బాండ్ గడి ఖాళీగా ఉందంటే బెయిల్ లేదని అనుకోనక్కర్లేదు, ఇంకా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లి ఉండకపోవచ్చు. టెక్సస్ చట్టం ప్రకారం అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. బాండ్ మొత్తం సాధారణంగా అక్కడే ఖరారవుతుంది. హోల్డ్ అని గానీ ఐస్ డిటెయినర్ (ఇతన్ని మాకు అప్పగించండని ఇమిగ్రేషన్ పోలీసు శాఖ ఐస్ పెట్టే కోరిక) అని గానీ కనిపిస్తే మాత్రం బాండ్ కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. కట్టాక కౌంటీ వదిలినా ఇమిగ్రేషన్ వాళ్లు అక్కడే తీసుకెళ్లిపోవచ్చు. అలా తీసుకెళ్తే కౌంటీ జాబితాలో పేరుండదు. ఐస్ వాళ్ల ఆన్‌లైన్ డిటెయినీ లొకేటర్‌లో ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఏలియన్ నంబరు)తో గానీ, పేరుతో గానీ వెతకాలి. రెండింటికీ పుట్టిన దేశం ఇవ్వాలి.

ఈ జాబితాలు అందరికీ కనిపిస్తాయి కాబట్టి మోసగాళ్లకూ కనిపిస్తాయి. జైలు నుంచో షెరీఫ్ ఆఫీసు నుంచో మాట్లాడుతున్నామని ఇంటికి ఫోన్ చేసి, గిఫ్ట్ కార్డులో, జెల్ (Zelle) అనే డబ్బు పంపే యాప్‌లో ఇప్పుడే పంపితే వదిలేస్తామంటారు. ఇండియాలో తల్లిదండ్రుల టెన్షనే వాళ్ల పెట్టుబడి. ఏ షెరీఫూ ఫోన్ చేసి బాండ్ డబ్బు అడగడు. ఫోన్ పెట్టేసి, కౌంటీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి. ఇక జైలు నుంచి మీవాడే ఫోన్ చేస్తే, అది రికార్డవుతుంది. తెలుగులో మాట్లాడుకున్నా సరే, అసలు ఏం జరిగిందని అడగొద్దు. ఎలా ఉన్నావు, లాయర్ని చూస్తున్నాం, అంతవరకే.

కాన్సులేట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన భారతీయుడికి తన కాన్సులేట్‌కు కబురు చేయించుకునే హక్కుంది. కానీ అతను అడిగితేనే చేస్తారు. టెక్సస్‌కు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

కాగితాల కోసం దరఖాస్తు

ఆన్‌లైన్ పేజీ ప్రింటు అధికారిక పత్రం కాదు. బుకింగ్ షీటు, అరెస్ట్ రిపోర్టు కావాలంటే టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాతపూర్వకంగా అడగాలి. బుకింగ్ షీటుకు కౌంటీ షెరీఫ్ ఆఫీసు, అరెస్ట్ రిపోర్టుకు పట్టుకున్న పోలీసు శాఖ. చాలా శాఖలకు దీనికోసం ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. లేకపోయినా ఉత్తరంగానో, వాళ్లు చెప్పిన చిరునామాకు ఈమెయిలుగానో పంపవచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు, అడిగే అధికారం కూడా వాళ్లకు లేదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, అరెస్టు తేదీ, చోటు, బుక్ ఇన్ నంబరు రాసి, ఏ పత్రం కావాలో తేల్చి చెప్పండి. "అతని మీద ఉన్నవన్నీ" అని రాస్తే వివరణ కోరుతూ తిరిగి ఉత్తరం వస్తుంది.

వీలైనంత త్వరగా ఇవ్వాలన్నది చట్టం. ఇవ్వకూడదనుకుంటే సాధారణంగా 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) అభిప్రాయం కోరాలి. కేసు ఇంకా నడుస్తుంటే వివరమైన రిపోర్టు ఆపవచ్చు. కానీ అరెస్టుకు సంబంధించిన ప్రాథమిక సమాచారం, అంటే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆరోపణ మీద అన్నది ఆపడానికి లేదు. మామూలు కాపీకి పేజీకి 10 సెంట్లు. మనిషి ఇంకా జైల్లోనే ఉండగా అతని తరఫున అడుగుతున్నామని రాస్తే ఆ దరఖాస్తును తీసుకోనవసరం లేదని చట్టంలోనే ఉంది. లాయరుకు ఆ అడ్డు లేదు. కాబట్టి ఆ దశలో లాయరు ద్వారా వెళ్లడమే నయం.

ఇవన్నీ ఒక ఎత్తు, కోర్టు కాగితం ఒక ఎత్తు. నా ఉద్దేశంలో చివరికి పనికొచ్చేది అదే. కేసు ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ డిస్పొజిషన్ కాపీ షెరీఫ్ దగ్గర దొరకదు, పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కోర్టులకు వర్తించదు కూడా. క్లాస్ ఏ, బీ కేసులకు కౌంటీ క్లర్కు దగ్గర, ఫెలనీ (పెద్ద నేరం) అయితే డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర, క్లాస్ సీ అయితే ఆ ఊరి మునిసిపల్ కోర్టులో గానీ జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో గానీ అడగాలి. పేజీల లెక్కన రుసుము, సర్టిఫికేషన్‌కు అదనం. కాజ్ నంబరు (కోర్టు కేసు నంబరు) చేతిలో ఉంటే పని త్వరగా అవుతుంది.

వీసాకు పెట్టే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంది. గ్రీన్ కార్డుకు ఐ-485లో, పౌరసత్వానికి ఎన్-400లో అదే. కేసు కొట్టేసినా అవుననే రాసి, సర్టిఫైడ్ కాపీ జత చేయాలి. తాగి నడిపిన కేసులో శిక్ష పడకముందే, అరెస్టు మీదే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. తన పేరు మీద దేశం మొత్తంలో ఏముందో చూసుకోవాలంటే ఎఫ్‌బీఐ నుంచి ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ (నేర రికార్డు నివేదిక) తెప్పించుకోవచ్చు. వేలిముద్రలతో 18 డాలర్లు. టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) సైట్‌లో డబ్బు కట్టి పేరుతో వెతికే సదుపాయం ప్రధానంగా శిక్షలు, డిఫర్డ్ అడ్జుడికేషన్లు (శిక్ష ఖరారు చేయకుండా షరతులతో వాయిదా వేసిన కేసులు) చూపిస్తుంది. అందులో ఏమీ రాలేదంటే అరెస్టే లేదని కాదు.

కేసు కొట్టేశాక రికార్డును చెరిపేయించుకునే ఎక్స్‌పంక్షన్ అనే దారి టెక్సస్‌లో ఉంది. అర్హత, ఆగాల్సిన గడువు కేసును బట్టి మారతాయి. దరఖాస్తు సాధారణంగా డిస్ట్రిక్ట్ కోర్టులో పెడతారు. అది వచ్చాక కౌంటీ, పోలీసు, డీపీఎస్ అందరూ తమ దగ్గరి రికార్డులు తీసేస్తారు. ఇమిగ్రేషన్ వాళ్లు మాత్రం అప్పుడూ అడుగుతారు, అప్పటికి క్లర్కు దగ్గర ఇవ్వడానికి కాగితం మిగలదు. అందుకే ఎక్స్‌పంక్షన్ పిటిషన్ వేసే ముందే డిస్పొజిషన్, ఛార్జిషీటు, అరెస్ట్ రిపోర్టు సర్టిఫైడ్ కాపీలు రెండేసి సెట్లు తీసుకుని, ఒకటి లాయరు దగ్గర, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.