ఏథెన్స్‌లో మూడు రోజులు: ఏది ముందు, ఏది తర్వాత?

ఏథెన్స్ వెళ్ళొచ్చినవాళ్ళు కొందరు "ఎండలో కొండెక్కాం, విరిగిన స్తంభాలు చూశాం, దిగాం" అంటుంటే నాకు బాధేస్తుంది. అంత దూరం వెళ్ళి, అంత ఖర్చు పెట్టి, చూసే వరస తెలియక చేజార్చుకున్నారే అనిపిస్తుంది. నేను మే నెలలో అమ్మను తీసుకుని వెళ్ళాను. మూడు రోజులూ తీరిగ్గా తిరిగాం. మాకు పనికొచ్చిన వరస ఇది.

1. ముందు కాలం, తర్వాత టికెట్

గ్రీస్‌కు షెంగెన్ వీసా కావాలి. ఏప్రిల్, మే, అక్టోబర్ నెలలు హాయిగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటే రోజులున్నాయి. వడగాడ్పులు మరీ ముదిరితే మధ్యాహ్నం పూట పాత గుళ్ళున్న కొండ అక్రోపోలిస్‌నే మూసేస్తారు. రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మనకేంటి అనుకోవద్దు. ఆ కొండ మీద నీడ దొరకదు, కింద రాయి నుంచి కూడా సెగ కొడుతుంది.

అక్రోపోలిస్‌కు 2023 నుంచి టైమ్ స్లాట్ పద్ధతి పెట్టారు. రోజుకు 20,000 మందినే పంపిస్తారు. 2025 ఏప్రిల్ నుంచి టికెట్ 30 యూరోలు. గ్రీస్ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. "క్యూ లేకుండా పంపిస్తాం" అన్న ఒక మధ్యవర్తి సైట్‌లో నేను ఎక్కువ డబ్బు కట్టి, చివరికి అందరితో పాటు అదే క్యూలో నిలబడ్డాను. స్లాట్ ఉదయం 8 గంటలదే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు.

2. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి

మెట్రో మూడో లైన్‌లో సుమారు 40 నిమిషాల్లో ఊరి నడిబొడ్డున ఉన్న సింటగ్మా చేరతారు. ఒకవైపు టికెట్ 9 యూరోలు. మూడు రోజుల టూరిస్ట్ పాస్ 20 యూరోలు, అందులో విమానాశ్రయానికి రానూపోనూ ప్రయాణం కలిసే ఉంటుంది. అంటే రెండు యూరోలు ఎక్కువ పెడితే మూడు రోజుల మెట్రో, బస్సు, ట్రామ్ వచ్చేస్తాయి. రైల్లో జేబుదొంగలు ఉంటారు, బ్యాగ్ ముందువైపు వేసుకోండి. బస మొనాస్టిరాకి, అక్రోపోలి స్టేషన్ల చుట్టుపక్కల గానీ, ప్లాకా పేటలో గానీ చూసుకుంటే చాలాచోట్లకు నడిచే వెళ్ళొచ్చు.

3. మొదటి సాయంత్రం కొండ ఎక్కొద్దు, ఎదురుగా నిలబడి చూడండి

అక్రోపోలిస్‌కు పడమరగా ప్నిక్స్ అనే చిన్న గుట్ట ఉంది. ప్రవేశం ఉచితం. రాతిని చెక్కి చేసిన ఒక వేదిక, దానికి మెట్లు, ముందు ఖాళీ నేల, అంతే కనిపిస్తుంది. కానీ 2,400 ఏళ్ళ కిందట ఏథెన్స్ పౌరులు వేలమంది సభ తీరి చేతులెత్తి ఓటేసింది ఈ నేల మీదే. ఆనాటి ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ మాట్లాడింది ఇక్కడే. ఆడవాళ్ళకూ బానిసలకూ ఆ సభలో చోటు లేదన్నదీ గుర్తుంచుకోవాలి. సాయంత్రం ఎండ కొండ మీది ఎథీనా దేవత గుడి పార్థెనాన్ మీద పడి రాయి తేనెరంగుకు తిరుగుతుంది. రేపు ఎక్కబోయే కొండ మొత్తం ఎలా ఉంటుందో ఇక్కడి నుంచి కళ్ళకు కడుతుంది.

4. రెండో రోజు: ఉదయం కొండ, మధ్యాహ్నం మ్యూజియం

కొండకు రెండు ద్వారాలున్నాయి. అక్రోపోలి మెట్రో స్టేషన్ పక్కనున్న ఆగ్నేయ ద్వారం దగ్గర రద్దీ కాస్త తక్కువ. దారిలో డయొనీసస్ నాటకశాల వస్తుంది. సోఫొక్లీస్ నాటకాలు ఆడిన చోటు కాబట్టి ఆగాలనిపిస్తుంది, కానీ దిగేటప్పుడు చూద్దురుగాని. ముందు పైకి వెళ్ళిపోండి. వేలాది కాళ్ళ కింద రాళ్ళు అద్దంలా నున్నబడ్డాయి. పట్టున్న బూట్లు వేసుకోండి, చెప్పులతో జారతారు. నడవలేని పెద్దవాళ్ళ కోసం కొండకు లిఫ్ట్ ఉంది, పైన సిమెంటు బాట వేశారు. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోండి.

పార్థెనాన్‌ను క్రీ.పూ. 447లో మొదలుపెట్టి పదిహేనేళ్ళలో ముగించారు. అది అన్నాళ్ళు నిలిచి, 1687లో కూలింది. తుర్కులు లోపల తుపాకీ మందు దాచారు, ముట్టడించిన వెనిస్ సైన్యం గుండు దాని మీద పడింది. గుడి మూల దగ్గర ఆగి, మెట్టు అంచు వెంబడి చివరిదాకా చూపు సారించండి. మెట్టు తిన్నగా ఉండదు, మధ్యలో మెల్లగా ఉబ్బి మళ్ళీ దిగుతుంది. స్తంభాలు కూడా కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి. గుడిలో నిజంగా తిన్నని గీత దొరకడం కష్టం. స్తంభాల్లో అక్కడక్కడ తెల్లటి ముక్కలు కనిపిస్తాయి. ఇప్పటి మరమ్మతుల్లో అతికినవి అవి, పాత రాయి వచ్చిన పెంటెలికాన్ కొండదే ఆ రాయి కూడా.

ఎండ ముదిరేసరికి దిగి, నేరుగా కిందున్న అక్రోపోలిస్ మ్యూజియానికి వెళ్ళండి. 2009లో తెరిచారు. ముందు అన్నిటికన్నా పై అంతస్తుకు ఎక్కండి. పార్థెనాన్ చుట్టూ ఉండిన శిల్పాల వరుసను అదే దిక్కుకు, అదే కొలతలో పేర్చారు. అద్దాల్లోంచి కొండ మీద గుడి కనిపిస్తూనే ఉంటుంది. ఆ వరుసలో కొన్ని పలకలు ముదురు రంగులో, కొన్ని సున్నంలా తెల్లగా ఉంటాయి. తెల్లవి నకళ్ళు. వాటి అసళ్ళలో ఎక్కువభాగం 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసి తీసుకెళ్ళినవి, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కోచోట గుర్రం తల ఒక రంగు, ఒళ్ళు ఇంకో రంగు.

అక్కడ నాకు మన అమరావతి గుర్తొచ్చింది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన మహాస్తూపం శిల్పాలు మద్రాసు వెళ్ళి, 1859లో లండన్ చేరి, ఇవాళ అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఎల్గిన్ మార్బుల్స్ అన్నట్టే వాటిని ఇలియట్ మార్బుల్స్ అనేవారు. గ్రీకులు ఆ తెల్ల పలకల ముందు ఎందుకంతసేపు నిలబడతారో కృష్ణాతీరం వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

5. మూడో రోజు పొద్దున్న అగోరాకు ఇవ్వండి

టైమ్ లేదని చాలామంది వదిలేసేది దీన్నే. నా మట్టుకు నాకు ఊరంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది. ఇది పాత ఏథెన్స్ బజారు, కోర్టులు, కబుర్లు అన్నీ కలిసిన మైదానం. సోక్రటీస్ జనాన్ని ఆపి ప్రశ్నలడిగింది ఈ దారుల్లోనే. ఓ పక్క గ్రీకుల అగ్నిదేవుడు హెఫెస్టస్ గుడి దాదాపు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

1950ల్లో తిరిగి కట్టిన అట్టలాస్ స్తంభాల మండపంలో చిన్న మ్యూజియం ఉంది. అక్కడ కుండపెంకుల దగ్గర ఆగండి. ఎవడైనా నాయకుడు మరీ పెరిగిపోతున్నాడనిపిస్తే పౌరులు పెంకు మీద అతని పేరు గీకి వేసేవారు. అలా ఎక్కువ పెంకులు పడినవాడు పదేళ్ళు ఊరొదిలి వెళ్ళాలి. పర్షియన్ల మీద సలామిస్ సముద్ర యుద్ధం గెలిపించిన నాయకుడు థెమిస్టొక్లీస్‌కూ ఆ గతి తప్పలేదు. అక్రోపోలిస్ పక్కన ఒక బావిలో అతని పేరున్న పెంకులు 190 దొరికితే, చేతిరాతలు పోల్చి చూసినవాళ్ళకు రాసింది 14 మందేనని తేలింది. ఎవరో ముందే రాసి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట! అరచేతిలో పట్టే పెంకు, దాని మీద వంకర అక్షరాలు. అమ్మ అక్కడి నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

6. శాకాహారులకు తిండి

టెన్షన్ అక్కర్లేదు. గ్రీకు చర్చి ఉపవాసాల పుణ్యమా అని "నిస్తీసిమో" అనే వంటలు ఉన్నాయి. వాటిలో మాంసం, గుడ్లు, పాలు ఉండవు. రొయ్యలు, స్క్విడ్ లాంటివి మాత్రం ఉపవాసంలో చెల్లుతాయి, కాబట్టి అడిగి తీసుకోండి. పెద్ద చిక్కుడు గింజల కూర గిగాంతెస్, పప్పు ముద్దలాంటి ఫావా, పాలకూర పొరల స్పనకోపిత మాకు బాగా నచ్చాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఒక్క జాగ్రత్త: గ్రీకులో "నే" అంటే అవును. హిందీ "నహీ" చెవిలో ఉన్నవాళ్ళం పొరబడతాం.

7. మధ్యాహ్నం నుంచి తిరుగు ప్రయాణం దాకా

ఓపిక ఉంటే జాతీయ పురావస్తు మ్యూజియం. మంగళవారం ఒంటిగంటకు గానీ తెరవరు. అన్నీ చూడాలని పరిగెత్తకుండా, సముద్రం అడుగున దొరికిన ఆంటికిథెరా యంత్రం దగ్గరికి వెళ్ళండి. తుప్పుపట్టిన కంచు ముక్కలో పళ్ళచక్రం కనిపిస్తుంది. రెండువేల ఏళ్ళ కిందట సూర్యచంద్రుల గతులు లెక్కకట్టిన పరికరం అది. తర్వాత అనాఫియోటికా సందుల్లో ఓ గంట నడవండి. అనాఫీ దీవి నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళు కొండ కిందే కట్టుకున్న తెల్లటి చిన్న చిన్న ఇళ్ళు. జనం ఇంకా కాపురముంటున్నారు, గొంతు తగ్గించి మాట్లాడండి.

వెనక్కి వెళ్ళేటప్పుడు సింటగ్మాలో వచ్చిన మెట్రో వచ్చినట్టు ఎక్కేయొద్దు. అన్నీ విమానాశ్రయం దాకా వెళ్ళవు, బోర్డు చూసుకోండి. అర్ధరాత్రి విమానమైతే ఎక్స్95 బస్సు సింటగ్మా నుంచి 24 గంటలూ తిరుగుతుంది.